స్కెడ్యూల్ అనండి, చాలు!

ఉదయం పదింటికి సమీక్ష అన్నారు. సారు పన్నెండూ నలభైకి వచ్చారు. ఆ రెండు గంటల నలభై నిమిషాలూ ఒక జిల్లా కేంద్రంలోని మీటింగు హాల్లో మేమంతా ఆరబెట్టిన వడియాల్లా కూర్చున్నాం. విలేకరులం కదా, మాకు అలవాటే. పాపం, ఇంజనీర్లకూ అలవాటే.

మొదటి అంశం ఒక వంతెన. మూడేళ్లుగా ఏటి మధ్యలో స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి. వాటి మీద కొంగలు వాలుతున్నాయి. జనం కింద మోకాలిలోతు నీళ్లలో నడుస్తున్నారు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, లేచాడు. కుర్రాడు. చేతిలో ఫైలు, నుదుట చెమట.

"సార్, సెడ్యూలు ప్రకారం జూన్‌కల్లా స్లాబు పడాలండీ. కానీ కాంట్రాక్టరు..."

సారు చెయ్యెత్తారు. "ఆగాగు. సెడ్యూలేమిటయ్యా, సెడ్యూలు? స్కె... డ్యూల్! ఇంజనీరింగే చదివావా, ఇంకేదైనానా?"

హాలంతా పకపక. సారు నవ్వితే నవ్వకపోవడానికి మనకేమైనా రెండు తలలున్నాయా? ఏఈ గొంతు సవరించుకుని "స్కెడ్యూల్ సార్" అన్నాడు. "గుడ్" అన్నారు సారు. రెండో అంశానికి వెళ్లిపోయారు.

వంతెనా? వంతెన సంగతి ఎవరడిగారండీ? ఉచ్చారణ పూర్తయింది కదా. జిల్లా అభివృద్ధిలో అదొక మైలురాయి.

సరే. సారు మాటనే పట్టుకుందాం. ఇంతకీ ఏది ఒప్పు?

ఇంగ్లండులో పెద్దతరం షెడ్యూల్ అంటుంది. అమెరికాలో స్కెడ్యూల్ అంటారు. కెనడావాడికి రెండూ ఒకటే, ఎదుటివాణ్ని బట్టి లాగిస్తాడు. ఆస్ట్రేలియాలోనూ రెండూ చెల్లుతాయి. పోనీ లండన్ కుర్రకారైనా తాతల మాట నిలబెట్టారా అంటే, వాళ్లూ హాలీవుడ్ దెబ్బకు స్కె వైపు జారుకుంటున్నారు. షెడ్యూల్ అంటే మరి స్కూలును షూలు అనాలి కదా అని బ్రిటిష్‌వాళ్లను ఉడికించే పాత జోకు ఒకటుంది. దానికి వాళ్ల దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా. ఎందుకంటే ఈ మాట పుట్టుక చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

గ్రీకుల నుంచి లాటిన్‌లోకి వచ్చిన మాట ఇది. పపైరస్ రెల్లుతో చేసిన కాగితపు ముక్క అని అర్థం. ఆ ముక్కకు బుల్లి రూపం స్కెడుల, అంటే చిన్న చీటీ. లాటిన్ నుంచి పాత ఫ్రెంచికి వెళ్లింది. అక్కణ్నుంచి సుమారు 1400 ప్రాంతంలో ఇంగ్లిషులో దిగింది. దిగినప్పుడు దాని ముందు ఎస్సీహెచ్ లేదు. ఉత్త సీతోనో ఎస్‌తోనో రాసేవాళ్లు. ఎలా పలికేవాళ్లు? ఊపిరి బిగబట్టండి.

సెడ్యూల్.

అవును. మన ఏఈ పలికిందే. చివర మన తెలుగు ఉకారం ఒక్కటే ఎక్కువ. హాలంతా కలిసి నవ్విన ఆ మాట ఆరువందల ఏళ్ల నాటి అసలు సిసలు ఇంగ్లిషు. ఆ తర్వాత యూరపు పండితులకు లాటిన్ పిచ్చి పట్టింది. మాటల స్పెల్లింగుకు పాత వంశవృక్షాలు అతికించడం మొదలెట్టారు. సెడ్యూలుకు ముందు ఎస్సీహెచ్ వచ్చి కూర్చుంది. కొన్నాళ్లకు నాలుక స్పెల్లింగు వెనకాల పరిగెత్తింది. అట్లాంటిక్‌కు ఇటువైపు షె అయింది. అటువైపు నోవా వెబ్‌స్టర్ తన 1828 నిఘంటువులో గ్రీకు పద్ధతిలో స్కె అనమన్నాడు. అమెరికా అనేసింది. అంటే సారు నోట్లో ఉన్న స్కె, లండన్ తాతల నోట్లో ఉన్న షె, రెండూ పండితులు కెలికిన తర్వాత పుట్టిన రూపాలే. కెలకనిది ఏఈ నోట్లో ఉంది. మరి "ఇంజనీరింగే చదివావా?" అని ఎవరిని ఎవరు అడగాలి?

ఇంగ్లిషువాడైనా ఈ గొడవ తేల్చుకున్నాడా? 1926లో బీబీసీ ఒక కమిటీ వేసింది, రేడియోలో ఏ మాట ఎలా పలకాలో తేల్చమని. అధ్యక్షుడు రాబర్ట్ బ్రిడ్జెస్, సాక్షాత్తూ ఆస్థానకవి. 1930లో ఆయన పోయాక ఆ కుర్చీలో బెర్నార్డ్ షా కూర్చున్నాడు. డబ్లిన్‌లో పుట్టినవాడు లండన్‌వాళ్లకు మాట నేర్పే కమిటీకి పెద్ద! పూలమ్ముకునే పిల్లకు ఉచ్చారణ మార్చి దొరసానిని చేయొచ్చని 'పిగ్మేలియన్' రాసి, ఆ సమాజం మొహం మీదే నవ్వినవాడు. 1939లో యుద్ధం వచ్చింది, కమిటీ ఆగింది. ఇంగ్లిషు ఆగలేదు. అప్పట్లో అక్కడి "సరైన" ఉచ్చారణ అంటే దక్షిణ ఇంగ్లండులోని ఖరీదైన హాస్టలు బడుల్లో చదివిన కుటుంబాల యాస. అంతే. అది భాష కాదు, కంచె. కంచెకు అటువైపు ఎవరో, ఇటువైపు ఎవరో నోరు తెరవగానే తెలిసిపోవాలి. మనం దొరను పంపించాం. కంచెను దిగుమతి చేసుకుని, రంగు వేసి, అమీర్‌పేటలో ఫీజు కట్టి మరీ వాడుకుంటున్నాం.

పైగా ఆ దొరలకు మన మాటలు పలకడం వచ్చిందా? శ్రీకాకుళాన్ని చికకోల్ చేశారు. కాకినాడను కోకనాడ చేశారు. ఏలూరును ఎల్లోర్ చేశారు. మచిలీపట్నాన్ని మసూలిపటం చేశారు. విశాఖపట్నం మొత్తం నోట పట్టక వైజాగ్ అని విరిచేశారు. ఒక్క దొరకైనా "మాతృభాష ప్రభావం ఎక్కువగా ఉంది, ఉద్యోగానికి పనికిరాడు" అని ఎవరైనా రాశారా? మనమే ఇవాళ్టికీ వైజాగ్ అని ముద్దుగా అంటున్నాం. వాడి నోరు తిరక్కపోతే అది మన ఊరికి కొత్త పేరు. మన నోరు తిరక్కపోతే మన బతుకే తప్పు.

మా మేనల్లుడి కథ చెబుతాను. వాడి నాలుక వీసాను బట్టి తిరుగుతుంది. మొదట అమెరికా అన్నాడు. అమీర్‌పేట కోచింగులో మూడు నెలలు నోరంతా గుండ్రంగా తిప్పి స్కెడ్యూల్ నేర్చుకున్నాడు. వీసా రాలేదు. ఇంగ్లండు అన్నాడు. రెండు వీధుల అవతల ఇంకో కోచింగు. "నో నో, షెడ్యూల్!" అన్నాడు అక్కడి ట్రైనరు. మళ్లీ ఫీజు. మళ్లీ నోరు. అదీ కుదరలేదు. ఆస్ట్రేలియా అన్నాడు. అక్కడ రెండూ నడుస్తాయని తెలిసి వాడు ఏడవడం నేను కళ్లారా చూశాను. "మామయ్యా, రెండు ఫీజులూ దండగేనా?" అన్నాడు. ఆ ఇద్దరు ట్రైనర్లలో ఒకడికి అప్పటికి మూడు నెలల జీతం బాకీ అట. జీతాల స్కెడ్యూలు యజమాని ఎలా పలికేవాడో మరి!

చివరికి హైదరాబాదులోనే ఒక కాల్‌సెంటర్‌లో ఇంటర్వ్యూకు వెళ్లాడు. పాపం, మళ్లీ అమెరికా నాలుక బయటికి తీశాడు. కాగితం మీద మూడక్షరాలు రాసిచ్చారు. ఎంటీఐ. వీడు భయపడిపోయి నాకు ఫోన్ చేశాడు, ఎంఆర్‌ఐ లాంటిదేదో అనుకుని. మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్ అని నేను చెప్పాను. అంటే అమ్మ భాష వాసన. షుగరు, బీపీ, ఎంటీఐ. ఒక మనిషి నోట్లో వాళ్లమ్మ మాట మిగిలి ఉండటాన్ని జబ్బుల పట్టికలో వేసిన వ్యాపారం ఇది. దీనికి మందు కూడా అమ్ముతారు. పేరు యాస తటస్థీకరణ. ఇప్పుడు ఆ మందూ అక్కర్లేదట. మనవాడు మాట్లాడుతుండగానే యాసను అక్కడికక్కడ మార్చి అవతలివాడికి వినిపించే సాఫ్ట్‌వేర్ వచ్చేసింది. నోరు మనవాడిది, గొంతు మనవాడిది, రాత్రి నిద్ర పాడైంది మనవాడిది. వినిపించేది మాత్రం ఇంకెవడో. ఇక మనవాడెందుకు అని కంపెనీ అడిగే రోజు ఎంత దూరంలో ఉంది?

అసలు మన నోటికి వచ్చిన రోగం ఏమిటి? ష అనే అక్షరం మనకు సంస్కృతం ఇచ్చింది. జనం నాలుక మీద అది ఏనాడో స అయింది. షాపు సాపయింది. మాట చివర అచ్చు పెట్టి దించడం మన నాలుకకున్న మర్యాద. బస్సు, కారు, రోడ్డు, స్కూలు. ఇందులో తప్పెక్కడుంది? జపానువాడు పలికితే అందం, ఫ్రెంచివాడు పలికితే శృంగారం, పలమనేరువాడు పలికితే ఎంటీఐ!

ఇక బడికి రండి. రాజ్యాంగంలో ఎనిమిదో షెడ్యూలు అని ఒకటుంది. దేశం గుర్తించిన భాషల చిట్టా. 1950లో 14 భాషలుండేవి, ఇప్పుడు 22. మొదటి రోజు నుంచీ తెలుగు అందులో ఉంది. 2008లో ప్రాచీన హోదా కూడా ఇచ్చారు. ఆ మరుసటి ఏడాదే కడప జిల్లాలో ఒక ప్రైవేటు బడి, తెలుగులో మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడదీసింది, ఇకపై ఎన్నడూ తెలుగు మాట్లాడనని రాసి. సోషల్ పీరియడ్‌లో ఎనిమిదో స్కెడ్యూల్ అని స్పష్టంగా పలికితే మార్కులు. అందులో ఉన్న భాష పలికితే మెడలో పలక. ఇంతకన్నా చక్కగా రాజ్యాంగాన్ని ఏ బడి బోధించగలదు?

ఇక్కడ ఒక మాట. పేదవాడి బిడ్డకు ఇంగ్లిషు అక్కర్లేదని నేను అనను. అనేవాళ్ల మొహాలు చాలా చూశాను. 2019లో సర్కారు బడుల్లో ఇంగ్లిషు మాధ్యమం అనగానే రెండు గుంపులు రోడ్డెక్కాయి. వ్యతిరేకించినవాళ్లను "మీ పిల్లలు ఎక్కడ చదివారండీ?" అంటే కోపం వచ్చింది. సమర్థించినవాళ్లను అదే అడిగితే ఇంకా కోపం వచ్చింది. తెలుగు తల్లికి దండ వేసే చేయీ, మనవణ్ని విమానం ఎక్కించే చేయీ ఒకటే. ఇంగ్లిషు కావాలి. ఇంగ్లిషు పేరు చెప్పి చేసే ఈ నోటి పోలీసింగు ఎవడికి కావాలి?

షెడ్యూల్డ్ అనే మాట మన సమాజం నోట్లో ఎలా నలుగుతుందో గమనించారా? 1935 భారత ప్రభుత్వ చట్టంతో వచ్చి, 1936 ఉత్తర్వుతో జాబితాగా అచ్చయిన మాట. షెడ్యూల్డ్ కులాలు. ఆఫీసు ఫైల్లో దర్జాగా పలుకుతారు. క్యాంటీన్‌లో గొంతు తగ్గించి "కోటా క్యాండిడేటు" అంటారు. ఇల్లు అద్దెకు అడగండి, అక్కడ ఇంగ్లిషు గింగ్లిషు ఏమీ ఉండదు. "మీరేమిట్లు?" అని అచ్చ తెలుగులో అడుగుతారు. మాతృభాష మీద అభిమానం పొంగేది ఆ గుమ్మం దగ్గరే.

1991 ఆగస్టులో చుండూరులో 8 మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు శిక్షపడ్డ అందరినీ విడిచిపెట్టింది. విచారణ సాగిన చట్టం పేరులోనే షెడ్యూల్డ్ అనే మాట ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ తప్పుగా పలికి ఉండరు.

కొండలెక్కుదాం. అయిదో షెడ్యూలు. ఏజెన్సీ. అక్కడి నేల గిరిజనుడిదే అని మొదలయ్యే 1/70 చట్టం, పుట్టి యాభై ఏళ్లు దాటింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆ భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. గిరిజనేతర "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా అందులోకే వస్తుందని చెప్పింది. ఎంత గట్టి షెడ్యూలో చూశారా? అయినా నిండు గర్భిణిని ఇంకా డోలీలోనే దించుతున్నారు. నాలుగు భుజాలు, ఒక కర్ర, ఒక దుప్పటి. రోడ్డు టెండరు దశలో ఉంది. అది ఉండే దశ ఎప్పుడూ అదే.

నోటిమాట గురించి పాఠం చెప్పే అర్హత ఈ నేల మీద ఎవరికైనా ఉంటే ఒకాయనకు ఉంది. గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉంటూ, కొండల మీది సవరలు ఎలా పలుకుతారో చెవి ఒగ్గి విని, వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడు. మనిషి నోట్లో ఉన్నదే భాష అని జీవితాంతం పోట్లాడాడు. ఆయన సవర దగ్గరికెళ్లి "తప్పు పలుకుతున్నావు" అనలేదు. కూర్చుని రాసుకున్నాడు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తాం. ఆ సభకు ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వస్తాడు. వచ్చి "బిజీ స్కెడ్యూల్ వల్ల" అంటాడు.

ఇప్పుడు అసలు వినోదం. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం. ఆ చట్టంలోనూ షెడ్యూళ్లే. తొమ్మిదో షెడ్యూల్లో 91 సంస్థలు, పదో షెడ్యూల్లో 142 సంస్థలు. పంచుకోండర్రా అన్నారు. కమిటీలు వేశారు. కాఫీలు తాగారు. పదేళ్లు గడిచాక కూడా రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కలిసి ఫొటో దిగి "తొమ్మిది, పది షెడ్యూళ్లపై చర్చించాం" అన్నారు. ఇద్దరి నోటా మాట చక్కగా వచ్చింది. పంపకమే రాలేదు.

పదమూడో షెడ్యూలు ఇంకా ఘనం. కడపలో ఉక్కు, ఖమ్మంలో ఉక్కు. ఏర్పాటు చేస్తాం అని రాశారనుకుంటున్నారా? అమాయకులు మీరు. ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు "పరిశీలించాలి" అని రాశారు. పరిశీలించడానికి ఉక్కు అక్కర్లేదు, కళ్లద్దాలు చాలు. కడపకు 2018 డిసెంబరులో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరులో ఇంకో ముఖ్యమంత్రి ఇంకోచోట చేశారు. 2023 ఫిబ్రవరిలో ఆయనే మళ్లీ చేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు మాత్రం మూడుసార్లు పెట్టారు. ఖమ్మం ఉక్కుకు అనుకున్న బయ్యారం సంగతా? అక్కడ రాయి వేసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. విశాఖ రైల్వే జోను కూడా ఆరు నెలల పరిశీలన ఖాతాలోదే. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. దాని కార్యాలయానికి పునాదిరాయి 2025 జనవరిలో పడింది. రైల్వేవాళ్ల ఆరు నెలలు అలా ఉంటాయి. ప్లాట్‌ఫారం మీద ఎప్పుడైనా నిలబడ్డవాడికి ఇది కొత్తా?

ఇక దుగరాజపట్నం. అప్పటి నెల్లూరు జిల్లా తీరంలో పెద్ద ఓడరేవు కడతాం, 2018 చివరికల్లా మొదటి దశ పూర్తి అన్నది అదే షెడ్యూలు. ఓడ రాలేదు. పడవలున్నాయి, అవి అంతకుముందూ ఉన్నాయి. కానీ నా ఫిర్యాదు అది కాదు. ఆ చట్టం ఇంగ్లిషు ప్రతి ఎవరైనా తెరిచి చూడండి. అందులో ఊరి పేరు దుగ్గిరాజుపట్నం అని ఉంది! పార్లమెంటు పాస్ చేసి, రాష్ట్రపతి సంతకం పెట్టి, గెజెట్‌లో అచ్చయిన చట్టం అది. ఆ ఊరి పేరు పలకలేకపోయింది. ఏ ఎంటీఐ అండీ ఇది? ఎవరి మెడలో పలక కట్టారు? ఒక ఏఈ సె బదులు స్కె అనకపోతే హాలు హాలంతా నవ్వింది. ఈ మహాసభ ఒక ఊరినే తప్పుగా పలికితే నవ్వినవాడు ఒక్కడున్నాడా? పేరే సరిగా రాయలేనివాడు రేవు కడతాడని నమ్మిన మనల్ని చూసి ఆ సముద్రం నవ్వి ఉంటుంది.

హైదరాబాదు చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఉద్యోగ పరీక్షలకు చదువుతూ కూర్చున్న పిల్లల్ని అడగండి షెడ్యూలంటే ఏమిటో. తెలంగాణ గ్రూప్-1. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబరు 16న ప్రిలిమ్స్. 2023 మార్చిలో పేపరు లీకు, పరీక్ష రద్దు. జూన్ 11న మళ్లీ ప్రిలిమ్స్. సెప్టెంబరులో హైకోర్టు రద్దు, బయోమెట్రిక్ తీసుకోలేదని. 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషనే రద్దు. 563 పోస్టులతో కొత్తది. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. మొదటి పరీక్షకు పెళ్లికాని కుర్రాడు మూడో పరీక్షకు బిడ్డను భార్యకిచ్చి హాల్లోకి వెళ్లాడంటే నమ్మరా? అవతలి రాష్ట్రం నవ్వుకోనక్కర్లేదు. అక్కడ 2018 తర్వాత డీఎస్సీ కోసం కళ్లు కాయలు కాశాక, 2024 ఫిబ్రవరిలో ఎన్నికల ముంగిట 6,100 పోస్టులు ప్రకటించారు. అదీ రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చింది. ఇన్నేళ్లు ఆగినవాడి వయసు పరిమితి ఏ స్కెడ్యూల్లో కలిసిందో? ఇంత జరిగాక ఆ కుర్రాడి ఉచ్చారణ తూచే పెద్దమనిషిని ఏమనాలి?

మీటింగు అయ్యాక ఆ ఏఈ కలెక్టరేట్ బయట టీ కొట్టు దగ్గర దొరికాడు. టీ ఇప్పించి, ఆ "కానీ" తర్వాత ఏముందో చెప్పమన్నాను. అటూ ఇటూ చూశాడు.

"షెడ్యూళ్లు కొన్నది ముగ్గురండీ. ముగ్గురూ ఒకటే. ఒకరిదే అసలుది, మిగతా రెండూ తోడు పెళ్లికొడుకులు."

టెండరు దాఖలు చేయాలంటే కొనే కాగితాల కట్టను కూడా మనవాళ్లు షెడ్యూలనే అంటారు. ఆన్‌లైన్ వచ్చాక కట్ట పోయింది, పేరు పోలేదు, రింగు అసలే పోలేదు. ధరలు కట్టేది ఎస్సెస్సార్ ప్రకారం. అది కూడా విప్పితే స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్. దాని మీద ఎక్కువ కోట్ చేసి పని దక్కించుకున్నాయన దాన్ని ఇంకొకడికి అమ్మాడు. ఆ ఇంకొకడు మరొకడికి అమ్మాడు. మూడోవాడి చేతికి వచ్చేసరికి సిమెంటుకు డబ్బులు మిగల్లేదు. కొంగలకు స్తంభాలు మిగిలాయి.

"ఇదంతా లోపల ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెబుదామనే లేచానండీ. మధ్యలో సెడ్యూలు వచ్చింది కదా."

నాకు అప్పుడు అనుమానం వచ్చింది. సారు నిజంగా ఉచ్చారణే విన్నారా? కాంట్రాక్టరు అనే మాట వినపడబోతుండగా సరిగ్గా ఆ క్షణాన ఆయన భాషాభిమానం ఎందుకు మేల్కొంది? ఇంగ్లిషు ఎంత పనికొస్తుందో చూడండి. ఒక్క అక్షరం దిద్దితే కోట్ల రూపాయల వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది.

ఆ ఏఈ ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి స్కె, స్కె అని సాధన చేశాడట. పక్కగదిలో పిల్లాడు నాన్నకు నత్తి వచ్చిందని బెంగపడ్డాడట. నవ్వుతూనే చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

నెల తర్వాత రెండో సమీక్ష. ఉదయం పదిన్నర అన్నారు. ఈసారి ఏఈ ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్కెడ్యూల్‌ను నోట్లో లవంగంలా పెట్టుకుని కూర్చున్నాడు. పన్నెండయింది. ఒంటిగంటయింది. భోజనాల పొట్లాలు వచ్చాయి, సారు కోసం వేరే ప్లేటు వచ్చింది. రెండింటికి తలుపు తోసుకుని అటెండరు లోపలికి వచ్చాడు.

"ఇంకెల్లండయ్యా. సారు రారంట. సెడ్యూలు మారిందంట."

ఎవరూ ఆయన్ని దిద్దలేదు. అంతా లేచి, ఫైళ్లు సర్దుకుని, ఆ ప్లేటు వంక ఒకసారి చూసి వెళ్లిపోయారు.